దారిబత్తెము
(గాయపడిన సిపాయి వైద్యపరీక్షకు పోయి వచ్చిన త్రోవ చరిత్ర)

మహాసభా సంచికకొఱకు ఒక చరిత్రవ్యాసము వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరినపుడు, కులప్రాచీనతనుగూర్చియో, గోత్రనామములనుగూర్చియో వ్రాయుదుమని వారు తలచియుందురు. ఆ విషయములను మాకంటె పెద్దలు, ప్రాజ్ఞులు ఇదివఱకే విపులముగా వ్రాసియున్నారు. మేము ఈసారి రాజులను, రాజ్యములను విడిచి, యుద్ధమునుండి కాలు కుంటుచు ఇల్లు చేరిన సామాన్యసిపాయి వెంట కొంతదూరము నడువ నిశ్చయించితిమి. అతడు పింఛను పుచ్చుకొనువాడు. ఆ పింఛను నిలువవలెనన్న సర్కారు పిలిచినపుడెల్ల పోయి డాక్టర్లకు తన గాయము చూపవలెను. పోవుటకు బండి కావలెను, బండికి రొక్కము కావలెను, పోయిన దినమున కూలి పోవును. ఈ వ్యయమెవ్వరిది? ఈ చిన్న ప్రశ్నకు రెండువేల యేండ్ల చరిత్ర గలదనియు, ఆ చరిత్రలో మన భానూరు వాకిటిదాక వచ్చిన దుఃఖమొకటి గలదనియు మనవి చేయుటకే ఈ వ్యాసము.

మొదట మాటను విచారింతము. ఉద్యోగి ప్రయాణమునకు ఇచ్చు సొమ్మును నేడు ప్రయాణభత్యమందురు. పల్లెలలో ముసలివారు దారిబత్తెమందురు. సంస్కృతమున భక్తమనగా అన్నము, గ్రాసము. ఈ శబ్దమే దేశభాషలలో రూపుమారి భత్యము, బత్తెము, బత్తా అయినదని పలువురు పండితుల అభిప్రాయము. కుంపిణీవారి దొరలు ఆ మాటను మనవారినుండియే గ్రహించి తమ లెక్కపుస్తకములలో నెక్కించుకొనిరి. కావున భత్యమనునది దయతో వేయు భిక్షము కాదు. ఒకని పనిమీద మఱియొకడు త్రోవబట్టినపుడు పనిచెప్పినవాడు పెట్టవలసిన అన్నము. ఈ యర్థమును చదువరులు చివరివఱకు మఱువకుందురుగాక.

ప్రాచీనుల మతము

కౌటిల్యుని అర్థశాస్త్రమున భృత్యభరణీయమను ప్రకరణము గలదు. అందు రాజకార్యమున మరణించినవారి భార్యాపుత్రులకు భక్తవేతనములు రెండును చెల్లింపవలెనని విధించినాడు. వారిలో బాలురు, వృద్ధులు, రోగపీడితులు ఉన్నచో వారి నాదరింపవలెనని చెప్పినాడు. ఆ ప్రకరణముననే దూతల వేతనమును కూడ నిర్ణయించినాడు. మధ్యమదూతకు యోజనమునకు 10 పణములు. పది యోజనములు దాటి నూఱు యోజనములవఱకు పోవువానికి రెట్టింపు. దూరము పెరిగినకొలది శ్రమయు వ్యయమును పెరుగుననియు, దానిని పంపినవాడే భరింపవలెననియు ఆ రాజనీతిజ్ఞుడు ఎఱిగియుండెను.

మహాభారత సభాపర్వమున నారదుడు ధర్మరాజును రాజ్యపాలననుగూర్చి పెక్కు ప్రశ్నలడుగును. నీకొఱకు ప్రాణములు విడిచినవారి భార్యలను, నీకొఱకు ఆపదపాలైనవారిని పోషించుచున్నావా యనునది వానిలో నొకటి. ఆపదపాలైనవారు అను మాటను గమనింపుడు. చచ్చినవానికి వీరగల్లు నిలుపుట సులభము. బ్రదికి వచ్చిన వికలాంగుని ఏటేట పోషించుట కష్టము. అందుచేతనే ఋషి రెండింటిని వేఱువేఱుగా అడిగించినాడు.

మన ప్రాంతమున వీరగల్లులకు కొదువ లేదు. పటాన్‌చెరువును కల్యాణి చాళుక్యుల నాటి పొట్టలకెఱెయని చరిత్రకారులు గుర్తించుచున్నారు. ఆ కాలపు కన్నడశాసనములలో నెత్తరుగొడగె యను మాట కానవచ్చును. పోరున పడినవాని కుటుంబమునకు అతని నెత్తురునకు బదులుగా ఇచ్చిన మాన్యము దాని యర్థము. మాన్యము భూమి గనుక అది వాని యూరనే యుండును. దానిని పుచ్చుకొనుటకు ఎవ్వడును ఊరు దాటి పోవలసిన పనిలేదు. పింఛను రొక్కమైన తరువాత, రొక్కము పట్టణపు ఖజానాకు చేరిన తరువాత, సిపాయికి త్రోవ ప్రాప్తించినది.

పడమటి దేశములలోను ఈ పరీక్ష క్రొత్తది కాదు. ప్రాచీన ఆథెన్సు నగరమున 3 మినాలకు లోపు ఆస్తిగల వికలాంగులను నగరసభవారు పరీక్షించి దినమునకు రెండు ఓబోలులు ఇచ్చుచుండిరని అరిస్టాటిలు పేరిట నున్న గ్రంథము తెలుపుచున్నది. ఇంగ్లండులో 1682లో స్థాపితమైన చెల్సీ ఆసుపత్రి పక్షమున, ఆసుపత్రిలో నివసింపక బయట నుండు పింఛనుదారులు వేలకొలది ఏర్పడిరి. వారి సొమ్ము ఆలస్యముగా వచ్చుటచే ఆ నడుమ వడ్డీవ్యాపారులు వారిని పీల్చివేయుచుండిరి. 1754లో పిట్టు అను మంత్రి ఈ యన్యాయమును గుర్తించి, పింఛనులో కొంత ముందుగా చెల్లించునట్లును, పింఛనును తాకట్టు పెట్టించుకొన్న పత్రములు చెల్లకుండునట్లును శాసనము చేయించెను. పింఛను మంజూరు చేయుట వేఱు, అది పేదవాని చేతికి చేరుట వేఱు అను సత్యము అంతకు ముందే లోకమునకు తెలిసియుండెనని దీనివలన తేలుచున్నది.

కుంపిణీ కాలమున తెలంగీలు

ఉత్తరహిందూస్థానమున కుంపిణీ సిపాయిలను చాలకాలము తిలంగాలు అని పిలిచిరి. మొదట దక్షిణమునుండి తెలుగు సిపాయిలు పోవుటచే వచ్చిన పేరది. తరువాత ఏ దేశమువాడైనను ఎఱ్ఱకోటు తొడిగినవాడెల్ల తిలంగాయే యయ్యెను. మన భాషవారి పేరు ఒక వృత్తికే పేరగుట గర్వింపదగిన విషయమే. కాని ఆ తిలంగాలు ఎక్కువగా కలహించినది దేనికొఱకు? భత్యముకొఱకు, బండ్లకొఱకు.

1824లో బర్మాయుద్ధమునకు పొమ్మన్నపుడు బారక్‌పూరులోని 47వ బంగాళాపటాలమువారికి తమ మూటలు మోయు ఎద్దులు దొరకలేదు. దొరికినవానికి బాడుగ విపరీతము. ఆ బాడుగను సిపాయిలు తమ జీతమునుండి పెట్టుకొనవలసియుండెను. వారు మొఱవెట్టిరి. ఆ మొఱ తుపాకుల మ్రోతతో ముగిసినది. 1844లో చెన్నపట్టణపు 47వ పటాలమును సింధుదేశమునకు పంపునపుడు చెన్నపట్టణపు గవర్నరు అధికభత్యమిత్తుమని మాట యిచ్చెను. బొంబాయి చేరగానే ఆ రేటు చెల్లదని చెప్పిరి. సిపాయిల కుటుంబములు ఇంటివద్ద ఆ సొమ్ముకే ఎదురుచూచుచుండెను. అక్కడను అల్లరి జరిగెను. యుద్ధమునకు వెఱవనివారు దారిఖర్చు విషయమున ఏల తిరుగబడిరని కొందఱు వింతపడుదురు. మాకు వింత లేదు. ప్రాణమునిత్తునని అతడు ఒప్పుకొన్నాడు. పిల్లల గ్రాసమునిత్తునని ఒప్పుకొనలేదు.

నిజాము రాజ్యమున

మన దేశమున సైన్యములు ఒకటి కావు. నిజాము ప్రభుత్వపు సొంతసైన్యమొకటి. బ్రిటిషు అధికారుల క్రింద, నిజాము ఖర్చుమీద నడచిన హైదరాబాదు కంటింజెంటు మఱియొకటి. దాని వ్యయముకొఱకే 1853 సంధిచే బేరారు పరాధీనమయ్యెను. 1903లో అది బ్రిటిషు హిందూసైన్యమున కలిసిపోయెను. 1806లో ఏర్పడిన సికింద్రాబాదు దండు వేఱొకటి. గాయపడినవాడు ఏ సైన్యమువాడో చూచి ఏ ఖజానా నుండి పింఛను రావలెనో తేల్చుచుండిరి. ఒకే ఊరిలో ఇద్దఱు కుంటివారు రెండు నాణెములలో పింఛను పుచ్చుకొనుటయు సంభవించుచుండెను. సర్కారువారిది హాలీసిక్కా. ఇంగ్లీషువారిది కల్దారు. 6 కల్దారు రూపాయలకు 7 హాలీరూపాయలు. అనగా 100 కల్దారులకు హాలీలెక్కలో 116 రూపాయల 10 అణాల 8 పైసలు. దండులో కల్దారు, దండు దాటిన హాలీ. మారకమున సరాపులు తీసికొను తరుగు కూడ సిపాయి త్రోవఖర్చులోనిదే.

1914లో మొదలైన మహాయుద్ధమున హిందూదేశమునుండి సుమారు 13 లక్షలమంది సముద్రముదాటి సేవకుగాని, యుద్ధమునకుగాని పోయిరి. హైదరాబాదు లాన్సరులు 15వ ఇంపీరియలు సర్వీసు ఆశ్వికదళమున మైసూరు, జోధపూరు రౌతులతోగూడ ఈజిప్టు, పాలస్తీనాలలో పనిచేసిరి. ఢిల్లీలోని తీన్‌మూర్తి యను మూడు విగ్రహములు ఈ మూడు సంస్థానముల రౌతులకు గుర్తులు. 2018లో ఆ కూడలికి హైఫా పేరు చేర్చిరి. రెండవ మహాయుద్ధమున 1941 డిసెంబరు 8వ తేది తెల్లవారుజామున జపానువారు మలయాలోని కోటబారులో దిగినపుడు అక్కడి విమానస్థలమును కాచుచుండినది 1వ హైదరాబాదు పదాతిదళము. ఆ సైన్యములోనివారిలో పెక్కుమంది సింగపూరు పడిన 1942 ఫిబ్రవరి 15 తరువాత బందీలైరి.

ఈ యుద్ధములనుండి అవయవములు పోగొట్టుకొని వచ్చినవారికొఱకు 1917లో బొంబాయిలో క్వీన్ మేరీ పేరిట ఒక పనిబడి పెట్టిరి. అది తరువాత పూనా దగ్గఱి కిర్కీకి మారెను. 1944లో పూనాలో కృత్రిమావయవ కేంద్రము స్థాపించిరి. మెదకు జిల్లావాడు కొయ్యకాలు కావలెనన్న పూనాకు పోవలసినదే. మన ప్రాంతపు అదృష్టమేమన, 1874లో వాడినుండి సికింద్రాబాదునకు వేసిన రైలుమార్గము శంకర్‌పల్లి, లింగంపల్లి మీదుగా పోవుచుండెను. 1932లో నిజాము రైల్వేవారు 27 మోటారుబస్సులతో, 166 మంది పనివారితో రోడ్డు రవాణాశాఖ ప్రారంభించిరి. అంతకుముందు రైలు స్టేషనుకు దూరమైన గ్రామములవారికి ఎడ్లబండియే గతి. కాలులేనివాడు నడువలేడు. బండివాడు ఉద్దెరకు రాడు. కనుకనే పింఛను నెలకు రెండు రూపాయలైనచో దానిని పుచ్చుకొనుటకు ఒక రూపాయి ఖర్చగుననియు, మూడు నెలలది కూడబెట్టి ఒకసారి తెచ్చుకొనుట లాభమనియు పాతకాలపు లెక్క ఒకటి మా చిన్నతనమున ముసలివారి నోట వింటిమి.

పరీక్ష యనునది ఎట్టిది

ఇక ప్రధానవిషయమునకు వత్తము. 1948 సెప్టెంబరులో హైదరాబాదు హిందూదేశమున విలీనమయ్యెను. 1951లో సంస్థానసేనలు భారతసైన్యమున కలిసిపోయెను. అప్పటినుండి మన సిపాయిలకు దేశమంతట వర్తించు నిబంధనలే వర్తించినవి. 1940 నాటి పింఛను నిబంధనల స్థానమున 1961లో క్రొత్తవి వచ్చెను. వానిసారము ఇది. సేవకారణమున కలిగిన, లేక సేవచే అధికమైన అంగవైకల్యము నూటికి 20 పాళ్లకు తక్కువ కాకున్నచో వైకల్యపు పింఛను లభించును. పాళ్లు నిర్ణయించువారు వైద్యమండలి. సేవనుండి పంపివేయునపుడు ఒక మండలి కూర్చుండును. వారు నిర్ణయించిన పాళ్లు కొంత కాలమునకే చెల్లును. గడువు తీరగానే మరల పిలుతురు. దానిని పునఃపరిశీలన మండలి యందురు. అప్పుడు 40 పాళ్లు 30 కావచ్చును, 20కి లోపడి వైకల్యభాగము పూర్తిగా ఆగిపోవచ్చును. పోనివాని భాగము గడువుతో ఆగిపోవును.

ఈ పద్ధతిలో న్యాయము లేకపోలేదు. గాయము మానవచ్చును, ముదురవచ్చును. ప్రజలసొమ్ము ఇచ్చువారు చూచి ఇచ్చుట తప్పుకాదు. కాని పిలుచువాడు సర్కారు, పోవువాడు సిపాయి. రక్షణశాఖ ప్రయాణనిబంధనలలో ఇట్లు పిలువబడిన పింఛనుదారునకు ప్రయాణసౌకర్యము సర్కారువారే కల్పింపవలెనను సూత్రము గలదు. రైల్వేవారంటు అను కాగితము దాని రూపము. అది చూపినచో స్టేషనులో టిక్కెట్టు ఇత్తురు. రైలులేని చోట బస్సుఖర్చు కోరుకొనవలెను. కోరుకొనవలెను అను మాటలోనే కథయంతయు నున్నది. కోరనివానికి ఎవ్వరు నీయరు. కోరవలెనని తెలియనివాడు కోరడు.

మా స్వానుభవము

ఇచట మా తప్పు నొకదానిని సభవారియెదుట ఒప్పుకొనవలసియున్నది. 1993వ సంవత్సరమున మేము ఈ ప్రాంతపు బడిలో తెలుగు, సంస్కృతములు బోధించుచుంటిమి. మన కులమువాడే యగు ఒక మాజీసిపాయి మాకడకు ఒక జాబు తెచ్చెను. అతడు 1971 యుద్ధమున మోకాలికి గాయపడినవాడు. పటాన్‌చెరువు ప్రాంతపు కర్మాగారమొకదానిలో దినకూలికి రాత్రికావలి కాయుచుండెను. జాబు ఇంగ్లీషున నుండెను. మా ఇంగ్లీషు బడిపంతులు ఇంగ్లీషు. మొదటి పుట చదివి తేదిని, పోవలసిన చోటును చెప్పితిమి. రెండవ పుట తిప్పి చూచి, అది ఏదో నమూనాకాగితమని మడిచి యిచ్చితిమి.

అతడు రాత్రి కావలి కాచి, తెల్లవారి బస్సెక్కి పోయెను. ఆనాడు మండలి పూర్తిగా కూర్చుండలేదని మఱునాడు రమ్మనిరట. రెండు దినముల కూలి పోయినది. బస్సుఖర్చు, హోటలు భోజనము చేతినుండి పెట్టుకొనెను. కొన్నాళ్లకు ఎక్స్‌రే కావలెనని మరల పిలుపు వచ్చెను. ఆ నెలలో అతని కుమార్తె పురుడు. “పంతులుగారూ, ఈ కాలుకొఱకు ఎన్నిమారులు తిరుగుదును? కాలే లేనప్పుడు తిరుగుట ఎట్లు?” అని నవ్వుచు అనెను. పోలేదు. గడువు తీరినది. వైకల్యభాగము ఆగినది.

రెండేండ్లకు అతని కుమారుడు కళాశాలలో చేరి, ఆ పాతజాబును పెట్టెలోనుండి తీసి చదివెను. మేము మడిచి యిచ్చిన రెండవ పుట ప్రయాణవ్యయము కోరుకొను నమూనా. దానితో ముందుగా వారంటు తెప్పించుకొనవచ్చునని కూడ వ్రాసియుండెను. ఆ బాలుడు మమ్ము ఒక్కమాట యనలేదు. “మామయ్యగారూ, ఇది ఇప్పుడు పనికివచ్చునా?” అని మాత్రమడిగెను. ఆ ప్రశ్న మాకు నేటికిని చెవిలో నున్నది. విన్నపముల మీద విన్నపములు వ్రాసితిమి. చివరకు మరల పరీక్ష జరిగెను, పింఛను పునరుద్ధరింపబడెను. కాని నడుమ పోయిన యేండ్లలో అతడు రెండెకరముల చేను అమ్ముకొనెను. ఈ విషయమున ఏ కార్యాలయమును మేము నిందింపము. కాగితము సరిగానే వచ్చినది. చదివినవాడు సరిగా చదువలేదు. ఇంకొక సంగతి. ఆ కాగితమున బస్సుఖర్చు మాట యున్నది గాని, పోయిన కూలి మాట లేదు.

కార్మికునకు గలది

పోయిన కూలి మాట చట్టమునకు తెలియనిదా యన్న, కాదు. మన ప్రాంతముననే దానికి నిదర్శనము గలదు. 1960ల దశకమున రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్సు కర్మాగారము వెలసినది. 1972లో పటాన్‌చెరువున ఇక్రిశాటు స్థాపితమైనది. 1984లో యెద్దుమైలారమున ఆయుధకర్మాగారము వచ్చినది. మన భానూరిలో క్షిపణులు చేయు భారత్ డైనమిక్సువారి శాఖ వెలసినది. సిపాయికి ఆయుధము పంపు ఊరు, గాయపడిన సిపాయికి అన్నము పెట్టు కావలివాని కొలువు కూడ నిచ్చు ఊరు అయినది.

కర్మాగారములతో కార్మికచట్టములు వచ్చినవి. 1923 నాటి పనివారి పరిహారచట్టము ప్రకారము గాయపడిన పనివానిని యజమాని తన ఖర్చుమీద డాక్టరుచే పరీక్షింపజేయవచ్చును. పనివాడు నిరాకరించినచో పరిహారపు హక్కు నిలిచిపోవును. అయినను 1924 నాటి నిబంధనలు యజమానికిని కళ్లెము వేసినవి. పక్షమునకొకసారి సొమ్ము పుచ్చుకొనుచున్న పనివానిని తన నివాసము విడిచి పరీక్షకు రమ్మని మొదటి నెలలో రెండుసార్లకు మించి, తరువాత నెలకొకసారికి మించి పిలువరాదు. అతని సమ్మతి లేక రాత్రి 7 గంటల తరువాత, ఉదయము 6 గంటలకు ముందు పరీక్షింపరాదు. స్త్రీనైనచో మఱియొక స్త్రీ దగ్గఱనుండవలెను. పరీక్షకు పోవుటయే ఒక బాధయని ఈ నిబంధనలు వ్రాసినవాడు ఎఱిగినాడు.

1948 నాటి కార్మికరాజ్యభీమా చట్టము ఇంకను ముందుకు పోయినది. 1952 ఫిబ్రవరి 24న ఈ పథకము కాన్పూరున ప్రారంభమయ్యెను. శాశ్వతవైకల్యమును తేల్చు వైద్యమండలి యెదుటికి పోవు కార్మికునకు ఈ పథకమున బండిఖర్చును, పోయిన కూలికి ప్రతిఫలమును రెండును ఇచ్చు ఏర్పాటు చేసిరి. 2020 నాటి సామాజికభద్రతా స్మృతిలో ఈ పాతచట్టములు చేర్చబడినవి. ఒకే కర్మాగారపు ఆవరణలో యంత్రమున వ్రేలు నలిగినవానికి కూలి, యుద్ధమున మోకాలు పోయినవానికి బస్సుఛార్జి. ఇందు కార్మికునిది తీసివేయుడని మేమనము. సిపాయికిని అది చాలదని యందుము.

పరదేశములలో చూచినను ఈ సూత్రమే కానవచ్చును. ఇంగ్లండులో 1916లో పింఛనులకొఱకే ఒక మంత్రిత్వశాఖ ఏర్పడెను. లక్షలమంది గాయపడినవారిని మాటిమాటికి పిలువవలసి వచ్చినందున, వారి రైలుఖర్చును, పోగొట్టుకొన్న కాలమునకు కొంత సొమ్మును ఇచ్చు ఆచారము స్థిరపడెను. ఆస్ట్రేలియాలో 1986 నాటి మాజీసైనికుల చట్టమున ప్రయాణవ్యయమునకు ప్రత్యేక విధానము గలదు. అమెరికాలో 2010వ దశకమున పింఛను పరీక్షకు పోవు మాజీసిపాయికి మైలునకు 41.5 సెంట్లు లెక్కగట్టి యిచ్చిరి. కౌటిల్యుని యోజనపణములు అచట మైలుసెంట్లుగా అవతరించినవని మాబోటి సంస్కృతపండితుడు సంతోషించుటలో ఆశ్చర్యము లేదు.

తరువాతి సంస్కరణలు

మన సర్కారువారును ఊరకుండలేదు. 2001 ఫిబ్రవరిలో వచ్చిన రక్షణశాఖ ఉత్తరువు ఈ చరిత్రలో పెద్దమలుపు. దానిప్రకారము సేవ విడుచునపుడు వైద్యమండలి తేల్చిన పాళ్లు, సిపాయి తానై పునఃపరీక్ష కోరిననే తప్ప, జీవితాంతము చెల్లును. శాశ్వతము కాని వైకల్యమునకు మాత్రము ఒక్క పునఃపరీక్ష. భత్యము పెంచుటకంటె ఇది మేలైన చికిత్స. త్రోవఖర్చు తగ్గింపవలెనన్న త్రోవనే తగ్గించుట ఉత్తమము గదా! ఆ సంవత్సరపు ఉత్తరువులచేతనే, 1996 జనవరి 1 నుండి, వైకల్యముచే సేవనుండి తొలగింపబడినవారికి 50 పాళ్లలోపు వైకల్యమును 50గాను, 50 మొదలు 75 వఱకు 75గాను, అంతకు మించినదానిని 100గాను లెక్కించు పద్ధతి వచ్చెను. 2014 డిసెంబరు 10న సుప్రీముకోర్టువారు రామ్ అవతార్ వ్యాజ్యమున, సేవాకాలము పూర్తిచేసికొని విరమించినవారికిని ఇది వర్తించునని తీర్పుచెప్పిరి. అంతకు ముందు 2013 జులైలో ధర్మవీర్ సింగు వ్యాజ్యమున, సేవలో చేరునపుడు ఆరోగ్యవంతుడని వ్రాసికొన్నవానికి తరువాత కలిగిన రోగము సేవవలన కాదని నిరూపించు భారము సర్కారుదే యని తీర్మానించిరి. 2003 ఏప్రిలు 1 నుండి మాజీసైనికులకు ప్రత్యేక వైద్యపథకము నడచుచున్నది. 2014 నవంబరున వచ్చిన జీవన్ ప్రమాణ్ పద్ధతిచే, బ్రదికియున్నానని చెప్పుటకు ముసలివాడు ఖజానాకు పోనక్కఱలేదు. వ్రేలిముద్ర చాలును. 2023 సెప్టెంబరున వైకల్యనిర్ణయమునకు క్రొత్తనియమములు అమలులోనికి వచ్చినవి.

అయినను పరీక్షలు పూర్తిగా పోలేదు. అప్పీలు మండలి గలదు. కోరి చేయించుకొను పునఃపరీక్ష గలదు. గాయము ముదిరినవాడు అధికభాగము కోరవలెనన్న పోవలసినదే. 2001కి పూర్వము గడువుతీరి, పిలుపునకు పోలేక, పింఛను పోగొట్టుకొని, విధియని యూరకున్నవారు ఇంకను పల్లెలలో నుందురు. వారిలో చాలమంది డెబ్బది దాటినవారు. వారు పోయిన తరువాత ఈ వ్యాసము ఉత్తచరిత్రయే యగును. వారు బ్రదికియుండగా ఇది చరిత్ర కాదు, బాకీ.

మా మనవి

కావున సభవారికిని, పోషకమహాశయులకును మేము మూడు సంగతులు నివేదించుచున్నాము.

మొదటిది. మన సంఘమువారు గ్రామగ్రామమున మాజీసైనికుల పట్టిక వ్రాయింపవలెను. సేవలో గాయపడినవారెవ్వరు, వైకల్యభాగము వచ్చుచున్నదా, ఎన్నడైన వచ్చి ఆగినదా యని అడిగి, ఆగినవారి కాగితములను జిల్లా సైనికసంక్షేమాధికారి యెదుట పెట్టవలెను. వితంతువులను మఱువరాదు.

రెండవది. మన బిడ్డలలో ఇంగ్లీషు చదివినవారు వందలకొలది యున్నారు. వారు నెలకొక ఆదివారము సంఘమందిరమున కూర్చుండి, ముసలివారు తెచ్చిన జాబులను చదివిపెట్టవలెను. మొదటి పుట మాత్రము కాదు, చివరి పుట చివరి పంక్తివఱకు చదువవలెను. ప్రయాణమునకు ముందే వారంటు కోరుచు జాబు వ్రాయవలెను. బస్సు టిక్కెట్టును, పిలుపుజాబును పదిలపఱచుమని చెప్పవలెను. ఇందుకు ఒక దమ్మిడీ ఖర్చులేదు.

మూడవది. సర్కారుభత్యము వచ్చువఱకు చేతినుండి పెట్టుకొనలేని పేదవానికొఱకు సంఘమువారు దారిబత్తెము నిధి యను పేర ఒక చిన్ననిధి నేర్పఱుపవలెను. పరీక్షకు పోవునపుడు బండిఖర్చు బదులుగా నీయవలెను. భత్యము వచ్చినపుడు అతడు తిరిగి కట్టును. పోయిన దినపు కూలి మాత్రము తిరిగి అడుగరాదు. అది మన కానుక. ఒక్కొక్క దాత ఏటికి ఒక సిపాయి త్రోవను భరించిన చాలును. సత్రములు కట్టించిన వంశములు మన కులమున గలవు. సత్రము బాటసారికి అన్నము. ఇదియు బాటసారికి అన్నమే. అన్నదాతల వారసులకు ఇంతకంటె విన్నవింప నక్కఱలేదు.

మేము ఈ నిధికి మా పింఛనులో ఒక నెల భాగమును వ్రాసియిచ్చుచున్నాము. ఇది దాతృత్వము కాదు. మడిచి యిచ్చిన రెండవ పుటకు మేము చెల్లింపవలసిన వడ్డీ. అసలు ఎన్నటికిని తీరదు.

స్వస్తి.